పరిశ్రమల కాలుష్య వివరాలను ఆన్‌లైన్‌లో పొందడం: దరఖాస్తు విధానం

రామగుండం విద్యుత్ కేంద్రాల పరిసరాల్లో, భూపాలపల్లి బొగ్గు గనుల సమీపంలో, చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం చుట్టుపక్కల నివసించేవారికి తాము పీల్చే గాలి, తాగే నీరు ఎలా ఉన్నాయో అడిగి తెలుసుకునే హక్కు చట్టప్రకారం ఉంది. ఆ వివరాల్లో కొన్ని ఇప్పటికే ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నందున, దరఖాస్తు రాయడానికి ముందు వాటిని చూసుకోవాలి.

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2018లో ప్రారంభించిన పరివేశ్ పోర్టల్‌లో పర్యావరణ అనుమతుల ప్రతిపాదనలు, అనుమతి పత్రాలు దొరుకుతాయి. అనుమతి పత్రాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, దాని నంబరు, తేదీ, యాజమాన్యానికి విధించిన షరతులు రాసి పెట్టుకోవాలి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఆ షరతుల అమలుపై యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక సమర్పించాలి. ఆ నివేదికలు బహిరంగ పత్రాలని, అడిగిన ఎవరికైనా ప్రతి ఇవ్వాలని ఆ నోటిఫికేషనే చెబుతోంది. చాలామంది ఈ నివేదికల సంగతి తెలియకనే ఊరికి దగ్గరలోని పరిశ్రమ గురించి ఏమీ తెలియదని అనుకుంటున్నారు.

అక్కడ దొరకని వాటికి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ), 2005 కింద దరఖాస్తు చేయాలి. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ కేంద్ర సంస్థలకు మాత్రమే ఉద్దేశించినది. పర్యావరణ మంత్రిత్వ శాఖ, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ వంటి వాటిని అందులో అడగవచ్చు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఉద్దేశించిన దరఖాస్తును అందులో వేస్తే తిరిగి పంపేస్తారు, రుసుము కూడా వెనక్కి రాదు. అటువంటి దరఖాస్తును రాష్ట్ర మండలి ప్రజా సమాచార అధికారి పేరిట సమర్పించాలి. రుసుము రెండు చోట్లా పది రూపాయలే. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ధ్రువపత్రం జతచేస్తే అదీ అవసరం లేదు. కేంద్ర పోర్టల్‌లో దరఖాస్తు పాఠం 3,000 అక్షరాలు మించితే పీడీఎఫ్‌గా జతచేయాలి. ఆధార్, పాన్ కార్డుల ప్రతులను జతచేయకూడదు.

దరఖాస్తులో ఏం రాస్తున్నామన్నదే అన్నిటికంటే ముఖ్యం. "మా ఊరికి కాలుష్యం ఎందుకు వస్తోంది?" అని అడిగితే జవాబు రాకపోవచ్చు, ఎందుకంటే చట్టం రికార్డులను ఇప్పిస్తుంది గాని అభిప్రాయాలను ఇప్పించదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా విద్యుత్ కేంద్రం పొగగొట్టాల వద్ద నిరంతర పర్యవేక్షణ పరికరాలు నమోదు చేసిన ధూళికణాలు, సల్ఫర్ డయాక్సైడ్ రోజువారీ సగటులు, అదే కాలంలో మండలి అధికారుల తనిఖీ నివేదికలు, జారీ చేసిన నోటీసుల ప్రతులు కావాలని అడగాలి. వాటిని ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వమని కూడా రాస్తే ప్రతుల ఖర్చు తగ్గుతుంది, అంకెలను పోల్చి చూడడం సులువవుతుంది. దరఖాస్తును తెలుగులో రాయవచ్చు. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర లేదు. ఆ ప్రశ్న వేసే అధికారం కార్యాలయానికి లేదు.

రిజిస్ట్రేషన్ నంబరును లేదా రసీదును భద్రపరచుకోవాలి. జవాబుకు గడువు 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. గడువు దాటితే ఆ సమాచారాన్ని ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకున్నా, అసంపూర్ణంగా వచ్చినా 30 రోజుల్లోగా అదే సంస్థలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు చేయాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా, రాష్ట్ర సంస్థ విషయంలో రాష్ట్ర సమాచార కమిషన్‌కు, కేంద్ర సంస్థ విషయంలో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు. తగిన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండా జరిమానా విధిస్తుంది.

ఇంటర్నెట్ వాడలేని పెద్దలకు మరో మార్గం ఉంది. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం, వ్యర్థజలాల విడుదలకు ఏయే షరతులతో సమ్మతి ఇచ్చారో తెలిపే రిజిస్టరును రాష్ట్ర మండలి నిర్వహించాలి. ఆ విడుదల వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా కార్యాలయానికి వెళ్లి దాన్ని పరిశీలించవచ్చు.