సముద్రపు ఒడ్డున మారుమూల లాడ్జికి చేరడం ఎలా? (నెల్లూరు, ప్రకాశం తీరం)

చెన్నై నుంచి గానీ విజయవాడ నుంచి గానీ నెల్లూరు, కావలి, ఒంగోలు దాకా రావడం పెద్ద పని కాదు. జాతీయ రహదారి 16 ఉంది, రైలు ఉంది. చిక్కంతా అక్కడి నుంచి సముద్రం దాకా ఉన్న పది, పాతిక కిలోమీటర్లలోనే. అందుకే ప్లాన్ వెనక నుంచి వేసుకోవాలి. లాడ్జి గేటు దగ్గర మొదలుపెట్టి రైల్వే స్టేషన్ దాకా రండి.

1. మండలం పేరు అడగండి

జిల్లా పేరు నమ్ముకోవద్దు. 2022లో కందుకూరు డివిజన్ ప్రకాశం నుంచి నెల్లూరుకు మారింది. కాబట్టి రామాయపట్నం ఒక పేజీలో ఒక జిల్లాలో, ఇంకో పేజీలో ఇంకో జిల్లాలో కనిపిస్తుంది. ఊరి పేరు ఒక్కటే చెప్పినా సరిపోదు. పల్లెపాలెం, పట్టపుపాలెం అన్న పేర్లు ఈ తీరం పొడవునా ఉన్నాయి. మండలం, పంచాయతీ, బస్సు దిగే స్టాప్ పేరు మూడూ రాసుకోండి.

2. కాలువ ఎక్కడ దాటాలో తేల్చుకోండి

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఒకప్పుడు పడవల్లో సరుకు నడిచిన బకింగ్‌హాం కాలువ పెదగంజాం నుంచి దక్షిణంగా తీరం వెంబడే సాగుతుంది. అది దాటితేగానీ ఒడ్డు రాదు. వంతెన అన్ని ఊళ్లకూ లేదు. ఫోన్ మ్యాప్ ఒక్కోసారి రొయ్యల చెరువుల కట్టలను కూడా రోడ్డుగా చూపిస్తుంది. ఎండాకాలంలో ఆ కట్ట మీద బైకు పోతుంది. ఒక్క వాన పడితే నల్లమట్టి జారుడు, పక్కన నీళ్లు, కారు తిప్పుకోవడానికి చోటుండదు. 'కాలువ ఏ ఊరి దగ్గర దాటాలి? అక్కడి నుంచి తారు రోడ్డేనా?' అని లాడ్జివాళ్లను అడగండి. లొకేషన్ వాళ్ల చేతే, లాడ్జిలో నిలబడి వాట్సాప్‌లో పంపించుకోండి. బుకింగ్ సైట్లలో గుర్తు చాలాసార్లు ఊరి నడిబొడ్డున ఉంటుంది.

నెల్లూరు దగ్గరైతే ఇంకో ప్రశ్న: పెన్నకు ఏ వైపు? మైపాడు దక్షిణపు ఒడ్డున ఉంది. విడవలూరు మండలంలోని రామతీర్థం ఉత్తరాన ఉంది, దానికి కోవూరు మీదుగా వెళ్లాలి. మ్యాప్‌లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. మధ్యలో ఏరు ఉందన్న సంగతి మరిచిపోతే సగం పూట పోతుంది.

3. ఎక్కడ దిగాలి?

మైపాడుకు నెల్లూరులో దిగండి, అక్కడి నుంచి సుమారు 25 కిలోమీటర్లు. తుమ్మలపెంటకు కావలి. పాకలకు సింగరాయకొండ. కొత్తపట్నానికి ఒంగోలు. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ సింగరాయకొండలో ఆగవు. మీ బండి ఆగకపోతే ఒంగోలులో దిగి హైవే బస్సులో సింగరాయకొండకు రావడం నయం. విమానంలో వచ్చేవాళ్లు నెల్లూరు తీరానికి రేణిగుంట లేదా చెన్నై, ఒంగోలు తీరానికి గన్నవరం చూసుకోవాలి. ఎక్కడ దిగినా ఇంకో రెండు మూడు గంటలైనా రోడ్డు ప్రయాణం తప్పదు.

అర్ధరాత్రి దిగే రైలు చౌకగా దొరికినా తీసుకోకండి. ఊళ్లకు బస్సులు తెల్లవారాకే మొదలవుతాయి. ఈలోగా స్టేషన్ వెయిటింగ్ హాలే గతి. మధ్యాహ్నం రెండు లోపు దిగేలా టికెట్ చేసుకోండి. నవంబరు, డిసెంబరుల్లో 5.40 ప్రాంతానికే పొద్దు గుంకుతుంది, కాలువ దాటాక వీధి దీపాలు అరుదు.

4. బస్సా, ఆటోనా?

పల్లెవెలుగు బస్సు చౌక. రాష్ట్రంలోని ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి ఉచితం కూడా, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. కానీ బస్సు ఊరి సెంటర్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఒడ్డుకు కిలోమీటరో రెండో ఇసుక బాట ఉంటే చక్రాల సూట్‌కేసు పనికిరాదు, భుజాన వేసుకునే సంచి తెచ్చుకోండి. షేర్ ఆటో నిండితేగానీ కదలదు. సొంతానికి ఆటో మాట్లాడుకుంటే డ్రైవరు రానుపోను చార్జీ అడుగుతాడు. తిరుగు సవారీ దొరకదు కాబట్టి అది న్యాయమే. బేరం కుదిరేటప్పుడు 'ఊరి దాకా' కాదు, 'లాడ్జి గేటు దాకా' అని చెప్పండి. దిగేటప్పుడే నంబరు తీసుకుని తిరుగు ప్రయాణానికి టైము చెప్పి ఉంచండి. చివరి బస్సు ఎప్పుడో కండక్టరును అడగండి, బోర్డు మీది టైము కంటే ఆయన మాటే నమ్మకం.

5. సొంత బండిలో వస్తే

హైవే దిగకముందే పెట్రోలు నింపి, నగదు తీసుకోండి. వేసవిలో ఉలవపాడు మీదుగా వస్తే మామిడి బుట్టల దగ్గర ఎలాగూ ఆగుతారు, ఆ పని అక్కడే చూసుకోండి. హైవే మీద బండి ఆగిపోతే 1033కు ఫోన్ చేయండి. బైకైతే స్టాండు కింద పెట్టడానికి చిన్న చెక్కముక్క ఉంచుకోండి, లేకపోతే ఇసుకలో దిగబడి బండి పడిపోతుంది.

6. వాతావరణం

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. 2021 నవంబరు వరదల్లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, కోవూరు దగ్గర హైవే కూడా తెగింది. బయల్దేరే రెండు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. కృష్ణపట్నం ఓడరేవులో 3వ నంబరు హెచ్చరిక ఎగరేశారంటే ప్రయాణం వాయిదా వేసుకోవడమే. సందేహముంటే జిల్లా కంట్రోల్ రూమ్ 1077. డబ్బు తిరిగి ఇచ్చే షరతు ఉన్న గదే ఈ నెలల్లో బుక్ చేసుకోండి. కార్తీక పౌర్ణమి కూడా ఈ కాలంలోనే వస్తుంది. సముద్ర స్నానాలకు జనం పోటెత్తి ఒడ్డు రోడ్లన్నీ నిండిపోతాయి, ఆ రోజు వచ్చేకంటే ముందు రోజే చేరుకోవడం మేలు.

7. ఇసుకలో కారు దిగబడితే

తారు అయిపోయిన చోటే కారు ఆపి నడవడం అన్నిటికన్నా మంచిది. బీచ్ మీదికి అసలు తీసుకెళ్లొద్దు, పోటు వస్తే గంటలో నీళ్లు చక్రాలను అందుకుంటాయి. అయినా బాట మీద దిగబడిందా, యాక్సిలరేటర్ తొక్కకండి. చక్రం తిరిగేకొద్దీ ఇంకా లోపలికి పోతుంది. అందరినీ దింపండి. చక్రాల ముందు ఇసుక చేత్తో తీసి, కాలి కింది మ్యాట్లో సరుగుడు మండలో పరచండి. టైర్లలో గాలి 18–20 పీఎస్‌ఐకి దించితే పట్టు పెరుగుతుంది. రెండో గేరులో మెల్లగా కదిలించండి. అప్పటికీ రాకపోతే ఊళ్లో ట్రాక్టరు అడగండి, తాడు మాత్రం బంపరుకు కాకుండా కారుకుండే కొక్కేనికే కట్టించండి. గాలి తగ్గించిన టైర్లతో వేగంగా పోకూడదు, హైవే ఎక్కేముందు మళ్లీ కొట్టించుకోండి.