పాత 10 బోర్ సింగిల్ బ్యారెల్ తుపాకీ: ఎక్కడ తేడా, ఏం చేయాలి

సింగిల్ బ్యారెల్ షాట్‌గన్‌లో పాడయ్యే భాగాలే తక్కువ. రంగు పోయినా, చెక్క గీసుకుపోయినా పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సింది ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే వెనక భాగం), మూసిన తుపాకీని బిగించి పట్టే లాక్, అంటే గొళ్లెం. 10 బోర్ అంటే దాదాపు 19.7 మి.మీ. లోపలి వ్యాసమున్న గొట్టం. ఆ పేలుడు ఒత్తిడికి తుపాకీ తెరుచుకోకుండా ఆపేది ఒక్క గొళ్లెమే. లైసెన్సు ఉన్నా సరే, ముట్టుకునే ప్రతిసారీ ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసుకోండి.

కాల్చగానే తుపాకీ దానంతటదే తెరుచుకుంటోంది

గొళ్లెం అరిగింది, లేదా దాని స్ప్రింగ్ సడలింది, లేదా సందులో మట్టి చేరింది. మట్టయితే శుభ్రం చేస్తే పోతుంది. మిగతా రెండూ గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) పని, అప్పటిదాకా కాల్చకండి.

ఈ లోపం కొనేముందే దొరుకుతుంది. ఖాళీ తుపాకీకి గొట్టం కింది చెక్క ఊడదీసి, మూసి, గొట్టాన్ని పక్కలకు ఊపి చూడండి. చెక్క ఉంటే దాని బిగువు వదులును దాచేస్తుంది. తర్వాత వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గొట్టం వెనక సందు ఉంటే కనిపిస్తుంది. కనిపించేంత వదులుంటే బేరం వదిలేయండి.

తూటా సులువుగానే పట్టింది, కానీ వెనక్కి తన్నే దెబ్బ విపరీతం, ఖాళీ తూటా రావట్లేదు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తూటా మీద రాసిన పొడవు, పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. మడత పెట్టి ఉన్నప్పుడు అది పొట్టిగా ఉంటుంది. అందుకే 12 బోర్‌లో 76 మి.మీ. తూటా 70 మి.మీ. ఛాంబర్‌లో కూడా చక్కగా దూరుతుంది, తుపాకీ మూసుకుంటుంది. పేలినప్పుడు మాత్రం మూతి విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. 10 బోర్‌లో పాత ఛాంబర్లు చాలావరకు 73 మి.మీ., నేటి మాగ్నం తూటాలు 89 మి.మీ. గొట్టం మీద గుర్తు లేకపోతే గన్‌స్మిత్‌తో కొలిపించండి, ఊహించి కాల్చొద్దు. గొట్టం మీద అలలలాంటి చారలుంటే అది డమాస్కస్ రకం (ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన పాత గొట్టం) కావచ్చు. నేటి తూటాలు దానికి వద్దు.

పొడవు సరిపోయినా తూటా బిగుస్తుంటే ఛాంబర్‌లో తుప్పు గుంటలో, కరిగి అంటుకున్న ప్లాస్టిక్కో ఉంటుంది. సాల్వెంట్, ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. గుంటలు లోతైతే గన్‌స్మిత్‌కు చూపించాలి.

ట్రిగ్గర్ నొక్కితే టక్‌మంది, పేలలేదు

వెంటనే తెరవకండి. గొట్టాన్ని సురక్షితమైన వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. తర్వాత తూటా తీసి వెనక ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల) మీద గుంట చూడండి. లోతుగా ఉంటే తప్పు తూటాదే కావచ్చు. పలచగా ఉంటే గట్టిపడ్డ పాత గ్రీజో, బలహీనమైన స్ప్రింగో, ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ అరగడమో కారణం. ముందు గ్రీజు తుడిచి చూడండి, చాలాసార్లు అంతటితోనే సరిపోతుంది. గుంటే లేకపోతే పిన్ విరిగి ఉండొచ్చు. మధ్యలో కాక పక్కకు పడితే గొట్టం వదులైందేమో చూడాలి.

టక్ కాకుండా నీరసంగా "ఫుస్" అంటే మరీ జాగ్రత్త. గొట్టం లోపల వాడ్ (తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే బిరడా) ఇరుక్కుని ఉండొచ్చు. తూటా తీసేసి, గొట్టంలోంచి ఆ చివర వెలుతురు కనిపిస్తేనే ఇంకోటి పెట్టండి.

భుజం నొప్పి

ఈ తుపాకీలు తేలిక, తూటా బరువు, కాబట్టి కొంత తప్పదు. వెనక రబ్బరు ప్యాడ్ రాయిలా గట్టిపడి ఉంటే మార్చండి, తక్కువ గుళ్లున్న తూటాలు వాడండి. చెక్క పిడి సన్నబడే చోట చీలిక ఉందేమో చూసి, వెనక బోల్ట్ బిగించండి.

గుళ్లు ఒక పక్కకే పోతున్నాయి

గొట్టంలోంచి చూస్తే ఉంగరంలాంటి నీడ కనిపించిందా? అది ఉబ్బు, గొట్టం పనికిరాదు. పాత ఫుల్ చోక్‌లో (గుళ్లు దగ్గరగా పోయేలా మూతి బాగా సన్నబడ్డ గొట్టం) ఉక్కు గుళ్లు కాల్చినా ఇలా అవుతుంది. నీడ లేకపోతే 36 మీటర్లలో కాగితం పెట్టి కాల్చి, గుళ్లు ఎక్కువగా పడ్డచోట 76 సెం.మీ. వలయం గీసి లెక్కపెట్టండి. ఫుల్ చోక్‌కైతే సుమారు 70 శాతం లోపల పడాలి. తగ్గితే తుపాకీని అనేముందు తూటా రకం మార్చి చూడండి.