పళ్ళు తీయించుకుని సెట్టు పెట్టుకున్నాక ఇబ్బందులు: ఏది ఓర్చుకోవాలి, ఏది చూపించుకోవాలి

కట్టుడు పళ్ళు పెట్టించుకున్న మొదటి వారంలోనే "ఇవి నాకు పడవు" అని తీసి డబ్బాలో పెట్టేసేవాళ్ళు చాలామంది. మా అమ్మ కూడా అదే చేసింది. ఆమె పడ్డ బాధల్లో కొన్ని నాలుగు రోజులు పోతే వాటంతట అవే తగ్గేవి. కొన్ని ఎన్నాళ్ళు ఓర్చుకున్నా తగ్గవు, డెంటిస్టు సరిచేయాల్సిందే. ఏది ఏ రకమో చెప్పేవాళ్ళు లేక అన్నీ కలిపి భరించింది.

పళ్ళు తీసిన రోజే సెట్టు పెట్టారు, నొప్పి, వాపు

మొదటి రోజు ఇది మామూలే. డెంటిస్టు వేరేగా చెప్పకపోతే 24 గంటలు సెట్టు తీయకండి. అది గాయానికి కట్టులా పనిచేస్తుంది. మధ్యలో తీస్తే వాపు వల్ల మళ్ళీ ఎక్కకపోవచ్చు.

నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గినట్టే తగ్గి, రెండు నుంచి నాలుగు రోజుల్లో ఒక్కసారిగా పెరిగి, చెవి దాకా లాగుతూ, నోట్లో దుర్వాసన వస్తుంటే అది సెట్టు తప్పు కాకపోవచ్చు. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడి ఉండొచ్చు. దీన్నే డ్రై సాకెట్ అంటారు. డెంటిస్టు గుంట కడిగి మందు పెడితే ఉపశమనం వస్తుంది. పొగ తాగేవాళ్ళలో ఇది ఎక్కువ. రక్తం ఆగకపోయినా, జ్వరంతో వాపు పెరుగుతున్నా ఆ రోజే వెళ్ళండి.

ఒకేచోట గుచ్చుకుంటోంది, పుండు పడింది

అంచు పొడవుగా ఉండటమో, లోపలివైపు ఒకచోట ఎక్కువగా ఒత్తుకోవడమో కారణం. డెంటిస్టు ఆ చోట మాత్రం కాస్త అరగదీస్తే చాలు. ఇంట్లో మీరే అరగదీయకండి, ఎక్కువ పోతే సెట్టు పట్టే కోల్పోతుంది.

మేం చేసిన తప్పు చెబుతాను. పుండు మానేదాకా అమ్మ సెట్టు పక్కన పెట్టేసి, ఆ తర్వాత వెళ్ళింది. చిగురు మీద గుర్తే లేదు, ఎక్కడ అరగదీయాలో తెలియలేదు. నొప్పి ఎక్కువైతే తీసేయండి, కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు కొన్ని గంటలైనా పెట్టుకోండి. ఎర్రటి గుర్తు కనిపిస్తే పని సులువు.

రెండు వారాలైనా మానని పుండును మాత్రం "సెట్టు రాపిడేలే" అని వదిలేయకండి. తప్పకుండా పరీక్ష చేయించుకోండి.

నోరంతా ఉమ్మి, వాంతి వచ్చినట్టుంది

కొత్త వస్తువును నోరు తిండి అనుకుంటుంది, అందుకే ఉమ్మి ఊరుతుంది. కొన్ని రోజులకు తగ్గుతుంది, మింగుతూ ఉండండి. వికారం వస్తే ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చండి. అయినా తగ్గకపోతే పై సెట్టు వెనక అంచు పొడవై గానీ, వదులై గానీ ఉండొచ్చు. అది చూపించుకోవాల్సిందే.

కింది సెట్టు లేచిపోతోంది

అందరూ ఎక్కువగా దిగులుపడేది దీని గురించే. పై సెట్టు అంగిలంతా పరుచుకుని గాలి చొరకుండా అతుక్కుంటుంది. కింద ఆ వీలు లేదు. మధ్యలో నాలుక ఉంది, సెట్టు లాడం ఆకారంలో చిగురు మీద కూర్చుంటుంది అంతే. కాబట్టి పైదానంత బిగువుగా ఎప్పటికీ ఉండదు. నాలుక కొనను కింది ముందు పళ్ళకు ఆనించి ఉంచడం అలవాటు చేసుకోండి, అది సెట్టును పట్టి ఉంచుతుంది. నాలుక వెనక్కి లాగితే సెట్టు లేస్తుంది.

తినేటప్పుడు ముందు పళ్ళతో కొరకకండి, వెనక భాగం ఊడుతుంది. మెత్తటివి, చిన్న ముక్కలు, రెండు వైపులా ఒకేసారి నమలాలి. ఒకవైపే నమిలితే రెండోవైపు లేస్తుంది. అంగిలి కప్పి ఉండటంతో వేడి సరిగా తెలియదు, నోరు కాల్చుకోకండి.

మాట తడబడుతోంది

రోజూ పది నిమిషాలు పైకి చదవండి, వారాల్లో సర్దుకుంటుంది. మాట్లాడేటప్పుడు పళ్ళు టకటకమంటూనే ఉంటే సెట్టు వదులై గానీ, ఎత్తు ఎక్కువై గానీ ఉండొచ్చు.

బాగానే ఉంది, కొన్ని నెలలకు వదులైంది

సెట్టు చెడిపోలేదు, కింద ఎముక తరిగింది. పళ్ళు పోయాక దవడ ఎముక కరగడం మొదటి ఏడాదిలో, అందులోనూ తొలి నెలల్లో ఎక్కువ. లోపలివైపు కొత్త పొర వేసి మళ్ళీ అమరేలా చేస్తారు, దాన్ని రీలైన్ అంటారు. అతికించే పేస్టు కొద్దిగా వాడొచ్చు, కానీ రోజురోజుకీ ఎక్కువ పేస్టు కావాల్సి వస్తోందంటే రీలైన్‌కి వేళయినట్టే.

అంగిలి ఎర్రబడి మంట, పెదవుల మూలలు పగులుతున్నాయి

రాత్రింబవళ్ళు సెట్టు తీయకపోతే దాని కింద ఫంగస్ పెరుగుతుంది. మందు నోటికొక్కటే కాదు, సెట్టును కూడా శుభ్రం చేయాలి. మొదటి రోజులు దాటాక రాత్రిపూట తీసి చన్నీళ్ళలో ఉంచండి. మెత్తటి బ్రష్షు, సబ్బుతో తోమండి. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, మరిగే నీళ్ళు ఆకారం చెడగొడతాయి. కడిగేటప్పుడు కింద గిన్నెలో నీళ్ళు పోసి ఉంచుకుంటే చేయి జారినా సెట్టు విరగదు. ఒకవేళ విరిగితే ఇంట్లో గమ్‌తో అతికించకండి, ముక్కలన్నీ తీసుకుని డెంటిస్టు దగ్గరికి వెళ్ళండి.