ట్రేసర్ తూటాలతో తిప్పలు: సమస్య - పరిష్కారం

ట్రేసర్ అంటే అడుగున వెలుగు మందు కూరిన బుల్లెట్. తూటా పేలగానే వేడి గ్యాస్ ఆ మందును అంటిస్తుంది, బుల్లెట్ వెళ్లే దారి గీతలా కనిపిస్తుంది. ఎరుపు రంగుకి స్ట్రాన్షియం లవణాలు, ఆకుపచ్చకి బేరియం లవణాలు వాడతారు, మంటకి మెగ్నీషియం. ఇండియాలో ఇది సైన్యం, పోలీసు బలగాల సరుకు. కాబట్టి ఈ వ్యాసం అమెరికాలో లైసెన్సు నిబంధనల ప్రకారం ఏఆర్-15 రైఫిల్ పెట్టుకుని, వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లే మనవాళ్ల కోసం. అక్కడ కూడా అన్ని రాష్ట్రాల్లో కుదరదు. కాలిఫోర్నియాలో రైఫిల్ ట్రేసర్ దగ్గర ఉంచుకోవడమే నేరం. టెక్సస్ నుంచి బే ఏరియాకి మారేటప్పుడు డబ్బాలో నాలుగు మిగిలాయి కదా అని కారులో వేసుకుపోకండి.

సమస్య: టార్గెట్ కాగితం మీద గుండ్రటి చిల్లు బదులు పొడుగాటి చీలిక పడుతోంది. గీత వంకరటింకరగా పోతోంది.

బుల్లెట్ గాలిలో పల్టీలు కొట్టి అడ్డంగా తగులుతోందన్నమాట. రైఫిల్ ఖరీదైనదైనా ఇది జరగొచ్చు, ఎందుకంటే లోపం బ్యారెల్‌కీ తూటాకీ జోడీ కుదరకపోవడంలో ఉంది. ఏఆర్-15లో వాడే 5.56 మిల్లీమీటర్ల సైజులో ఎక్కువగా దొరికే మిలిటరీ ట్రేసర్ ఎం856. సీసం కంటే తేలికైన మందు లోపల ఉంటుంది కాబట్టి, బరువు 64 గ్రెయిన్లే (సుమారు 4 గ్రాములు) అయినా బుల్లెట్ బాగా పొడుగు. పొడుగు బుల్లెట్ నిలకడగా పోవాలంటే వేగంగా తిరగాలి. పాత అమెరికన్ సైనిక రైఫిల్ ఎం16ఏ1 బ్యారెల్‌లో బుల్లెట్‌ని తిప్పే గాడి 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది, ఈ బుల్లెట్‌కి అది చాలదు. 1980లలో వచ్చిన ఎం16ఏ2లో 7 అంగుళాలకు ఒక చుట్టు పెట్టడానికి ముఖ్య కారణం ఈ ట్రేసరే.

బ్యారెల్ మీద 1/7 (అంటే 7 అంగుళాలకు ఒక చుట్టు) అని చెక్కి ఉంటే దిగులు లేదు. 1/9 అయితే అటూఇటూ, చలి రోజుల్లో మరీ. 1/12 అయితే ఎం856 మానేయండి. దానికి పాత మామూలు తూటా ఎం193కి జోడీగా చేసిన ఎం196 ట్రేసర్ సరిపోతుంది. అంకె చెరిగిపోయిందా? రైఫిల్ ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, తిరిగే పిడి ఉన్న క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా గుడ్డ చుట్టి బ్యారెల్‌లోకి తోయండి. రాడ్ ఒక పూర్తి చుట్టు తిరిగేలోపు ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో అదే మీ లెక్క. ఇంకో మాట: ఛాంబర్ (తూటా కూర్చునే గది) .223 రెమింగ్టన్ అనే, 5.56ని పోలిన తూటాకి మాత్రమే అని రాసి ఉంటే 5.56 తూటా ఏదీ అందులో వేయకూడదు.

సమస్య: ఆకుపచ్చ మొన చూసి ట్రేసర్ అని కొన్నాను, ఒక్కటీ వెలగలేదు.

అది ట్రేసర్ కాదు. అమెరికన్ 5.56లో ఆకుపచ్చ మొన అంటే ఎం855, లోపల ఉక్కు ముక్క ఉండే మామూలు తూటా. అక్కడ ట్రేసర్‌ది నారింజ మొన. సోవియట్ పద్ధతిలో చేసిన 7.62×39లోనేమో ఆకుపచ్చ మొన అంటేనే ట్రేసర్. తికమక రెండోవైపు జరిగితేనే ప్రమాదం: ఏకే రకం రైఫిల్‌కి ఎవరో ఇచ్చిన ఆకుపచ్చ మొన తూటాలను మామూలువే అనుకుని ఎండుగడ్డి మీదకి కాలుస్తారు. రంగు ఒక్కటే నమ్మకండి, డబ్బా మీద రాసింది చదవండి. విడిగా, డబ్బా లేకుండా వచ్చినవి వద్దని చెప్పేయండి.

సమస్య: నారింజ మొనే, అయినా ఏమీ కనిపించలేదు.

దగ్గరి టార్గెట్ అయితే అది మామూలే. కాల్చేవాడి కళ్లు చెదరకుండా, చోటు బయటపడకుండా, మందు మొదట్లో మసకగా మొదలై కొన్ని పదుల మీటర్లు పోయాకే బాగా వెలుగుతుంది. 25 గజాల రేంజ్‌లో ట్రేసర్ కాల్చడం డబ్బులు దండగ. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా అంతే. దూరం, వేళ రెండూ సరిగ్గా ఉన్నా కొన్ని వెలగకపోతే, పాత సరుకుకి తేమ తగిలి ఉంటుంది. బయట తుప్పు, ఆకుపచ్చ చిలుము ఉన్నవి కాల్చకండి.

సమస్య: గీత టార్గెట్ పైనుంచి పోయింది, బుల్లెట్ మాత్రం టార్గెట్‌కే తగిలింది.

దారి మధ్యలో బుల్లెట్ మన చూపు రేఖకు కాస్త పైన ఉంటుంది, అందుకే అలా కనిపిస్తుంది. పక్కన నిలబడి చూసేవాడికి ఇంకా తప్పుగా కనబడుతుంది. చూసి చెప్పేవాడు సరిగ్గా మీ వెనకే ఉండాలి, గీత మధ్యలో కాకుండా టార్గెట్ దగ్గర ఎక్కడ ఉందో చెప్పాలి.

ఇక నిజంగానే తేడాగా తగులుతుంటే: మందు మండేకొద్దీ బుల్లెట్ బరువు తగ్గుతుంది, దూరం పెరిగేకొద్దీ మామూలు తూటాతో దారి కలవదు. సైట్ (గురి చూసే అమరిక) ఎప్పుడూ మామూలు తూటాతోనే సరిచేసుకోండి. తర్వాత 100 మీటర్లలో ట్రేసర్లు విడిగా కొన్ని కాల్చి, తేడా రాసిపెట్టుకోండి. గురి పోటీకి ట్రేసర్ పనికిరాదని నా అభిప్రాయం. గాలివాటం ఎటో, కదిలే టార్గెట్‌కి ఎంత ముందు పట్టాలో చూడడానికి మంచిది, అంతే.

సమస్య: మట్టిగట్టు దగ్గర పొగ వస్తోంది.

కాల్పులు ఆపమని గట్టిగా అరవండి. రేంజ్ ఆఫీసర్ అనుమతి వచ్చాకే ముందుకు వెళ్లాలి. ఈ మందులోనే ఆక్సిజన్ ఇచ్చే రసాయనం ఉంటుంది కాబట్టి మట్టిలో కూరుకున్నా, తడిలో పడినా కొంతసేపు మండుతూనే ఉంటుంది. రాయికో ఉక్కు టార్గెట్‌కో తగిలితే మండుతున్న ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. 2009 జులైలో ఫ్రాన్స్‌లో ఫారిన్ లీజియన్ (విదేశీయులు చేరే ఫ్రెంచ్ సైనిక దళం) సైనికులు కార్పియాన్యె శిబిరంలో ట్రేసర్లు కాల్చినప్పుడు పుట్టిన మంట మార్సెయ్ నగర శివార్ల దాకా పాకింది, 1,000 హెక్టార్లకు పైగా కాలిపోయింది. శిక్షణ పొందిన సైన్యానికే అలా అయింది.

అందుకని ఎండు గడ్డి, గాలి ఉన్న రోజున ట్రేసర్ బయటికే తీయకండి. మెత్తటి మట్టిగట్టు ఉండాలి, దాని ముందు గడ్డి చెక్కేసి ఉండాలి. నీళ్ల పంపు, పార చేతికందేలా పెట్టుకోండి. ఆఖరి తూటా కాల్చాక కనీసం అరగంట అక్కడే కనిపెట్టుకుని ఉండండి. ప్రభుత్వ అటవీ భూముల్లో వేసవి నిషేధాలు ఉంటాయి, వెళ్లేముందే చూసుకోండి. ఇండోర్ రేంజ్‌లో అయితే రబ్బరు గట్టు, నేల మీద పేరుకున్న కాలని పౌడర్ అంటుకుంటాయి, పొగ కూడా విషం. అక్కడ ఒప్పుకోరు, బతిమాలొద్దు.

సమస్య: టప్ మని చిన్న శబ్దం, కుదుపు లేదు.

బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుని ఉండొచ్చు. రెండోది కాల్చకండి. ట్రిగ్గర్ నొక్కినా అసలు పేలకపోతే రైఫిల్ టార్గెట్ వైపే పట్టుకుని 30 సెకన్లు ఆగి తెరవండి. ఇరుక్కున్న ట్రేసర్‌ని ఇంట్లో సుత్తితోనో డ్రిల్‌తోనో తీయొద్దు, గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) ట్రేసర్ అని ముందే చెప్పి ఇవ్వండి. పేలని తూటాలు చెత్తబుట్టలో వేయకూడదు, రేంజ్‌లో వాటికి వేరే డబ్బా ఉంటుంది. ఇంటికొచ్చాక బ్యారెల్‌ని అదే రోజు శుభ్రం చేయండి, పాత మిలిటరీ సరుకైతే ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు) వదిలే ఉప్పు పోవడానికి ముందు వేడినీళ్లు, ఆరాక నూనె.