రోడ్డు మీద కూర్చునే ముందు ఏమేం చూసుకోవాలి

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, ఆంధ్రా సరిహద్దులో ఉన్న గిరిసోల దాటి బరంపురం వైపు వస్తే హైవే పక్కనే ఉండే ఊరు. ఇళ్లు రోడ్డుకి ఒకవైపు, బడి ఇంకోవైపు. అండర్‌పాస్ కావాలని అర్జీల మీద అర్జీలు పెట్టి, ఎవరూ పట్టించుకోక, ఒకరోజు పొద్దున్నే రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి కూర్చున్నాం. కూర్చోవడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. కూర్చున్న పద్ధతి మాత్రం తప్పే, అందుకే ఇది రాస్తున్నా.

అంబులెన్స్ వస్తే వదలాలని ముందే అనుకున్నాం, వదిలాం కూడా. ఇంకో గంటకి ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన ఆటో ఒకటి లారీల వెనక ఇరుక్కుంది. అందులోంచి ఒకామె దిగి, వాచిన పాదాలతో మెల్లగా తాడు దాకా నడిచి వచ్చింది. చెప్పులు పట్టక చేత్తో పట్టుకుంది. కుర్రాళ్లు "కాసేపు ఆగమ్మా" అన్నారు. ఆమె గొడవ పెట్టుకోలేదు, చీర కొంగు పక్కకి తీసి మోచేతి దగ్గర లావుగా ఉబ్బిన నరం చూపించి, "చెయ్యి పెట్టి చూడు బాబూ" అంది. మా మేనల్లుడు పెట్టాడు. లోపల గుయ్యిమంటూ అదురుతోంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రెండు రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా అది. వాడు చెయ్యి తీసేసి ఏమీ అనకుండా తాడు విప్పాడు.

ఉద్దానం మనకి పక్కనే, అక్కడ కిడ్నీ జబ్బు సంగతి తెలియనివాళ్లు లేరు. డయాలసిస్ వాళ్లు వారానికి రెండు మూడుసార్లు వెళ్లాల్సిందే, ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు చేరి ఊపిరాడకపోవచ్చు. వాళ్లు సైరన్ వేసుకుని రారు, ఆటోలో వస్తారు, బస్సులో నిలబడి వస్తారు, కొడుకు బండి వెనక కూర్చుని వస్తారు. కాబట్టి "అంబులెన్స్‌కి దారిస్తాం" అని చెప్పి సరిపెట్టుకోకండి. అడిగితే తెరిచేది కాదు, మొదటి నుంచీ తెరిచే ఉండే దారి ఒకటి, ఆటో పట్టేంత వెడల్పుతో వదలండి. తాడు దగ్గర కోపం ఎక్కువున్న కుర్రాళ్లని పెట్టకండి, ఒడియా, తెలుగు రెండూ వచ్చిన పెద్ద మనిషిని పెట్టండి. ఆయన పని ఒక్కటే, ఆగిన ప్రతి బండి దగ్గరికీ వెళ్లి "ఎక్కడికి, ఏం పని" అని అడగడం.

అసలు ఎవర్ని ఆపుతున్నారో ముందే తేల్చుకోండి. ఆగినవాడు మీ పని గురించి ఎవరికైనా ఫోన్ చేసి అడగగలడా? మన సరిహద్దులో ఆగే బళ్లలో చాలావరకు పక్క రాష్ట్రానివి, వాళ్ల ఓటు మన ఎమ్మెల్యేకి పడదు, వాళ్ల కష్టం మన అధికారికి తగలదు. అలాంటప్పుడు ఛత్రపూర్‌లో కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే వెయ్యిరెట్లు నయం. రోడ్డే సమస్య అయితే, మాకులాగ, రోడ్డు మీద కూర్చోవడానికి అర్థం ఉంది. రైలు జోలికి మాత్రం పోవద్దు. హౌరా-చెన్నై లైను ఆపితే మీ ఊరి పేరు కూడా వినని వాళ్లు వేలమంది ఇరుక్కుంటారు, పైగా రైల్వే చట్టం 174 సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు.

చెప్పకుండా కూర్చోవద్దు. 1930లో గాంధీ ఉప్పు చట్టాన్ని ధిక్కరించడానికి బయల్దేరింది మార్చి 12న, వైస్రాయ్ ఇర్విన్‌కి ఉత్తరం రాసింది మార్చి 2న. మీరూ ఒడియాలో అర్జీ రాయించి, పోలీసులకీ తహసీల్దారుకీ ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. ఏ రోజు, ఎన్ని గంటలకి మొదలు, ఎన్నింటికి ఆపేస్తారో రాసి, ఒడియా, తెలుగు, హిందీ మూడింట్లోనూ బోర్డులు నాలుగైదు కిలోమీటర్ల ముందే కట్టండి, అప్పుడు లారీవాడు ధాబా దగ్గరే ఆగిపోతాడు. రోజు ఎంచుకునేటప్పుడు రెండు రాష్ట్రాల పరీక్షల తేదీలూ చూడండి. తెల్లవారుజామున వద్దు, చేపల బుట్టలు వెళ్లే వేళ అది, ఐస్ కరిగితే ఆ ఇంట్లో ఆ రోజు సంపాదన పోయినట్టే.

చట్టం సంగతి తెలుసుకుని దిగండి. ఆయుధాలు లేకుండా శాంతిగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చింది. బలవంతపు బంద్ చెల్లదని కేరళ హైకోర్టు 1997లో చెబితే, అదే ఏడాది సుప్రీంకోర్టూ సమర్థించింది. దారిని ఎంతకాలమైనా ఆక్రమించి కూర్చోవడం కుదరదని ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా కేసులో 2020లో సుప్రీంకోర్టే చెప్పింది. దారికి అడ్డం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 285 సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఆ జరిమానా కట్టడానికి ఎవరు సిద్ధమో ముందే పేర్లు రాసుకోండి, కూలీకి పోయేవాళ్ల మీద పడనివ్వకండి.

"జనాన్ని ఇబ్బంది పెట్టే నిరసన ఏదైనా తప్పే" అనేవాళ్లకి నా జవాబు ఇది: పిల్లలు రోజూ లారీల మధ్య నుంచి పరుగెత్తి బడికి పోవడం కూడా ఇబ్బందే, అది ఎవరికీ కనపడలేదు. రెండు గంటల ఆలస్యం ఎవరికైనా పూడ్చుకోగలిగేది అయితే అడగొచ్చు. పూడ్చుకోలేనిది, అంటే ప్రాణం, పరీక్ష, రోజుకూలీ, వాటిని అడిగే హక్కు మనకి లేదు.

టైర్లు కాల్చకండి. చెప్పిన టైముకి, అధికారి వచ్చినా రాకపోయినా, లేచిపోండి. రాళ్లు, సీసా పెంకులు ఊడ్చి, తాడు విప్పి, అప్పుడు ఇళ్లకి వెళ్లండి.