గాలి నిలకడగా లేనప్పుడు డింగీ రేసులో వెనకబడకుండా ఉండడం ఎలా?

నాగార్జునసాగర్ దగ్గరో, సోమశిల దగ్గరో పుట్టి మీద తిరిగిన పిల్లలకు నీళ్ళంటే బెదురుండదు. డింగీ, అంటే చిన్న తెరచాప పడవ, నడపడం కూడా తొందరగానే పట్టుబడుతుంది. తేడా రెగట్టాకు, అంటే పడవ పోటీలకు, హుస్సేన్‌సాగర్ వెళ్ళినప్పుడు తెలుస్తుంది. పడవ బాగానే పరుగెత్తుతున్నా పక్కవాడు ఎప్పుడో ముందుకు పోయి ఉంటాడు. చాలాసార్లు అది వేగంలో తేడా కాదు, గాలి దిక్కు చూసుకోవడంలో తేడా. జూలైలో మాన్సూన్ రెగట్టా జరిగే రోజుల్లో పడమటి గాలి బలంగానే వీస్తుంది. కానీ ఒడ్డున ఉన్న భవనాల మీదుగా వచ్చేసరికి ముక్కలై, కాసేపు ఇటు, కాసేపు అటు తిరుగుతుంది. నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో మొదటిసారి పోటీకి వెళ్ళేవాళ్ళు ఏం చేయాలో చూద్దాం. ఈత, లైఫ్ జాకెట్, బోల్తాపడ్డ పడవను నిలబెట్టడం, టాక్ (పడవ ముక్కును గాలి మీదుగా తిప్పడం), జైబ్ (పడవ వెనక భాగాన్ని గాలి మీదుగా తిప్పడం) వచ్చాకే ఇదంతా.

స్టార్ట్‌కు ముందే సగం పని

అరగంట ముందే నీళ్ళలోకి దిగండి. నా లెక్కలో ఇది తెరచాప తాళ్ళు సర్దుకోవడం కంటే ముఖ్యం. ఎదురుగాలికి స్టార్‌బోర్డ్ టాక్ మీద, అంటే గాలి కుడివైపు నుంచి తగిలేలా, రెండు మూడు నిమిషాలు నడిపి దిక్సూచి అంకె చూడండి. తర్వాత పోర్ట్ టాక్ మీద అలాగే చూడండి. డింగీ సాధారణంగా గాలికి 45 డిగ్రీల దాకా ఎదురెక్కుతుంది. గాలి 250 నుంచి వీస్తుంటే స్టార్‌బోర్డ్ మీద 205, పోర్ట్ మీద 295 వస్తాయి. ఆ అంకెలు పెన్సిల్‌తో డెక్ మీద రాసుకుని, కొద్ది నిమిషాలకోసారి మళ్ళీ చూడండి. ఆ రెండు అంకెల నడిమిది గాలి దిక్కు. అది 245, 258, 247, 256 ఇలా ఊగుతుంటే గాలి అటూ ఇటూ పోయి వస్తోందన్నమాట. 245, 252, 260 అని ఒకే వైపు జరుగుతుంటే వ్యవహారం వేరు, దాని సంగతి చివర్లో చెబుతాను.

దిక్సూచి లేకపోతే ఒడ్డున గుర్తులు పెట్టుకోండి. హుస్సేన్‌సాగర్ నడుమ ఉన్న బుద్ధ విగ్రహం మంచి గుర్తు. అది రాయగిరి గుట్ట రాయి, పాత నల్లగొండ జిల్లాదే, కాబట్టి మనవాళ్ళకు ఆ మాత్రం చనువు ఉండొచ్చు.

తర్వాత స్టార్ట్ లైన్ మధ్యకు వెళ్ళి పడవ ముక్కు సరిగ్గా గాలికి ఎదురు పెట్టండి. ముక్కు లైన్‌లో ఏ కొస వైపు మొగ్గితే ఆ కొస గాలికి దగ్గర, మొదలుపెట్టడానికి అదే మేలు. గాలి ఊగుతున్న రోజు ఈ పరీక్ష చివరి రెండు నిమిషాల్లో మళ్ళీ చేయాలి. క్లాస్ జెండా (మీ పడవ రకానిది) స్టార్ట్‌కు 5 నిమిషాల ముందు, ప్రిపరేటరీ జెండా (సిద్ధం కమ్మనేది) 4 నిమిషాల ముందు ఎగురుతాయి. ఒక్క నిమిషం ఉండగా రెండోది దిగుతుంది, సున్నాకు క్లాస్ జెండా దిగుతుంది. హారన్ వినపడలేదని గొడవ పడకండి, లెక్క జెండాలదే.

ఎప్పుడు తిరగాలి?

లిఫ్ట్, హెడర్ అనే రెండు మాటలు ఇక్కడ ప్రాణం. గాలి తిరిగి మీ ముక్కును మార్క్ (చుట్టి రావాల్సిన తేలే గుర్తు) వైపు పోనిస్తే లిఫ్ట్, మార్క్‌కు దూరంగా నెడితే హెడర్. పై లెక్కలో గాలి 260కి తిరిగితే స్టార్‌బోర్డ్ మీద ఉన్నవాడు 215 పట్టగలడు, అతనికి లిఫ్ట్. పోర్ట్ మీద ఉన్నవాడు 305కి జారతాడు, అతనికి హెడర్. లిఫ్ట్‌లో ఉంటే అలాగే సాగండి, గట్టి హెడర్ వస్తే టాక్ చేయండి. అడ్డంగా 100 మీటర్ల ఎడంలో ఉన్న రెండు పడవల మధ్య గాలి 10 డిగ్రీలు తిరిగితే, గాలి తిరిగిన వైపున్న పడవకు సుమారు 25 మీటర్లు కలిసొస్తాయి. ఐఎల్‌సీఏ అనే రకం డింగీ పొడవు 4.2 మీటర్లు, అంటే ఆరు పడవలంత దూరం.

అలాగని తెరచాప కదిలినప్పుడల్లా తిరగకూడదు. ప్రతి టాక్‌కూ వేగం పోతుంది. తూర్పార పట్టే మనిషిని చూడండి, చాట ఎత్తి పట్టుకుని గాలి కుదురుకునేదాకా ఆగుతాడు. ముఖ్యంగా ఒక మోసం ఉంది. గాలి ఒక్కసారిగా తగ్గితే పడవ తన వేగంతో ముందుకు పోతూనే ఉంటుంది కాబట్టి గాలి ముక్కు వైపు నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. తెరచాప ముందు అంచు వణుకుతుంది, తెరచాపకు అంటించిన టెల్‌టేల్ ఊలు దారాల్లో లోపలి వైపుది పైకి లేచి ఆడుతుంది. అచ్చం హెడర్‌లాగే ఉంటుంది కానీ కాదు. నీళ్ళ మీద చూడండి. నల్లటి అలల మచ్చ దాటిపోయి ఉపరితలం నున్నగా ఉంటే అది గాలి తగ్గుదల. మూడు అంకెలు లెక్కపెట్టండి, దిక్సూచి అంకె ఇంకా చెడుగానే ఉంటేనే తిరగండి.

మార్క్ దగ్గర

మార్క్‌ను నేరుగా అందుకునే గీత మీదకు చాలా ముందే చేరకండి. అక్కడికి చేరాక లిఫ్ట్ వచ్చినా, అప్పటికే తిరిగిన దూరం వృథా. హెడర్ వస్తే మార్క్ అందదు. మధ్యలో ఉంటే రెండూ వాడుకోవచ్చు. చివరికి స్టార్‌బోర్డ్ మీద రావడం క్షేమం, ఎందుకంటే పోర్ట్ మీద వచ్చేవాళ్ళు దారి ఇవ్వాలి. గట్టిగా "స్టార్‌బోర్డ్!" అని అరవండి, మొహమాటం వద్దు. మార్క్‌ను తాకితే ఒక చుట్టు, దారి ఇవ్వాల్సిన చోట ఇవ్వకపోతే రెండు చుట్లు అక్కడికక్కడే తిరగాలి.

వాలుగాలిలో, అంటే గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు, లెక్క తలకిందులు. గాలి మిమ్మల్ని మార్క్‌కు దూరంగా తిప్పితే జైబ్ చేయండి, అంతే.

ఇక ఒకే వైపు జరిగే గాలి సంగతి. అప్పుడు హెడర్‌లో తిరగాలన్న సూత్రం పనికిరాదు. గాలి కుడికి జరుగుతూ పోతుంటే హెడర్‌ను ఓర్చుకుని ముందు కుడివైపే వెళ్ళండి, ఆ తర్వాత టాక్ చేస్తే పెద్ద లిఫ్ట్ దొరుకుతుంది. ఏది ఊగే గాలో, ఏది జరిగే గాలో తేల్చేది మీరు డెక్ మీద రాసుకున్న అంకెలే. తేల్చుకోలేకపోతే గుంపుకు దూరం కాకండి. తక్కువ పాయింట్లు వచ్చినవాళ్ళే గెలిచే పోటీలో, ఒంటరిగా ఓ మూలకు పోయి తెచ్చుకున్న ఇరవయ్యో స్థానం రోజంతా వెంటాడుతుంది.

సాధనకు రెండు పడవలు చాలు. ఒకే చోట మొదలై ఒకరు ఎడమకు, ఒకరు కుడికి మూడు నిమిషాలు వెళ్ళి, ఇద్దరూ టాక్ చేసి మళ్ళీ ఎదురుపడండి. ఎవరు ముందు దాటారో, ఆ మధ్యలో గాలి ఎటు తిరిగిందో మాట్లాడుకుని మళ్ళీ మొదలుపెట్టండి. రిజర్వాయర్‌లో అయితే అనుమతి తీసుకోండి, గేట్లకు దూరంగా ఉండండి, వెంట ఒక మోటారు పడవ ఉండాలి.