గడ్డి క్షారపు నీటిలో లిగ్నిన్ తీసే ముందు

గడ్డిని క్షారంలో నానబెట్టిన లేదా ఉడికించిన నీటిలో లిగ్నిన్ (మొక్కల కాండానికి గట్టిదనమిచ్చే పదార్థం) కరిగి ఉంటుంది. ఆమ్లం కలిపి దాన్ని విడదీస్తాం. గాగుల్స్, రబ్బరు గ్లవ్స్, ఏప్రాన్ వేసుకున్నాకే ఆ నీటి ట్యాంకు మూత తియ్యండి. కళ్లు కడిగే కుళాయి పనిచేస్తోందా?

అన్నిటికంటే ముఖ్యం, ఆ నీటిలో సల్ఫైడ్ (గంధకపు లవణం) ఉందేమో పరీక్షించడం. ఉంటే ఆమ్లం తగలగానే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు లేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన కాసేపటికి ముక్కుకు తెలియదు, గ్యాస్ పోయిందనుకుంటాం. దయచేసి వాసనను నమ్మకండి, గ్యాస్ డిటెక్టర్ పెట్టుకోండి.

సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నే నీటిలో కలపాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. అలా పలచన చేసిన ఆమ్లాన్ని గడ్డి నీటిలో కలుపుతూ కొద్దికొద్దిగా వదలండి. కార్బొనేట్ వల్ల నురగ పొంగుతుంది, ట్యాంకు నిండా నింపొద్దు.

గడ్డిలో సిలికా ఎక్కువ. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గితే అది జిగురు ముద్దలా విడిపోయి ఫిల్టర్ గుడ్డను మూసేస్తుంది. ముందు ఒక బీకరులో చేసి చూడండి: గోధుమరంగు లిగ్నిన్ విడిగా అడుక్కి దిగాలి.

వడకట్టిన నీటిని పీహెచ్ చూడకుండా మళ్లీ గడ్డికి వాడొద్దు.